కొలమానం మారితే ప్రశ్న మారుతుంది: విటమిన్ డి, పేగు సూక్ష్మజీవుల పరిశోధనా చరిత్ర

వ్యాససంగ్రహం

విటమిన్ డి పరిశోధన, పేగు సూక్ష్మజీవుల పరిశోధన దాదాపు ఎనభై ఏళ్ళు వేర్వేరు దారుల్లో నడిచాయి. 21వ శతాబ్దం ఆరంభంలో మాత్రమే అవి కలుసుకున్నాయి. ఈ ఆలస్యానికి కారణం పరిశోధకుల ఆసక్తి లోపించడం కాదనీ, ఏ కాలంలో ఏ కొలమానం అందుబాటులో ఉందో అదే ఆ కాలపు ప్రశ్నలను నిర్ణయించిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. రికెట్స్ వ్యాధిపై జరిగిన తొలి వాదాలు, విటమిన్ డి హార్మోన్‌గా గుర్తింపు పొందిన క్రమం, పేగు సూక్ష్మజీవుల జన్యువులపై జరిగిన పరిశోధనలు, దక్షిణ భారత అధ్యయనాలు ఇందులో పరిశీలనకు వస్తాయి.

కీలకపదాలు: విటమిన్ డి, రికెట్స్, పేగు సూక్ష్మజీవులు, గ్రాహక జన్యువు, పిత్తామ్లాలు, వైద్యశాస్త్ర చరిత్ర

1. ఉపోద్ఘాతం

విటమిన్ డి పేరుకు విటమిన్, స్వభావానికి హార్మోన్. ఆహారం ద్వారా అందేది కొద్ది భాగమే. అధిక భాగం ఎండ తగిలిన చర్మంలో తయారవుతుంది. అది కాలేయంలో 25-హైడ్రాక్సీ విటమిన్ డిగా, ఆపైన మూత్రపిండాలలో 1,25-డైహైడ్రాక్సీ విటమిన్ డిగా మారుతుంది. శరీరంలో పనిచేసే రూపం ఈ రెండవది. పేగు గోడలోని కణాలు ఆహారంలోని కాల్షియాన్ని గ్రహించడానికి దీని ఆదేశం కావాలి.

పేగులో నివసించే బ్యాక్టీరియా కొన్ని బి విటమిన్లను, విటమిన్ కె2ను తయారుచేస్తాయని 20వ శతాబ్దం మధ్య నాటికే తెలుసు. ఆ జాబితాలో విటమిన్ డి లేదు. కనుక సూక్ష్మజీవులకూ ఈ విటమిన్‌కూ సంబంధం ఉండవచ్చునన్న ఊహకు చాలాకాలం చోటు దొరకలేదు. నేడు పరిస్థితి మారింది. ఈ రెండింటి మధ్య సంబంధాన్ని చర్చించే పరిశోధన పత్రాలు విరివిగా వెలువడుతున్నాయి. ఆ సంబంధం ఎటునుంచి ఎటు నడుస్తుందన్నది మాత్రం ఇంకా తేలలేదు. ఈ అనిశ్చితి స్వరూపాన్ని గ్రహించాలంటే శతాబ్దం వెనక్కి వెళ్ళవలసి ఉంటుంది.

2. ఆహారమా, ఎండా?

1650లో ఇంగ్లండు వైద్యుడు ఫ్రాన్సిస్ గ్లిసన్ రికెట్స్‌ను సమగ్రంగా వర్ణించారు. ఎముకలు మెత్తబడి, పిల్లల కాళ్ళు వంకరపోయే ఈ వ్యాధి పారిశ్రామిక విప్లవ కాలంలో ఉత్తర ఐరోపా నగరాలలో విస్తరించింది. 1822లో పోలండు శాస్త్రవేత్త యెంద్‌జెయ్ స్న్యాదెత్స్కీ నగర బాలల్లో ఈ వ్యాధి ఎక్కువనీ, దీనికి ఎండ మంచి మందనీ రాశారు. 1890లో థియోబాల్డ్ పామ్ వివిధ దేశాలలో రికెట్స్ వ్యాప్తిని పోల్చి, సూర్యరశ్మి కొరతే మూలకారణమని వాదించారు. ఈ ఇద్దరి మాటలకూ తగిన ఆదరణ లభించలేదు. ఎండ ఎముకపై ఎలా పనిచేస్తుందో చూపగల ప్రయోగం అప్పటికి లేదు.

1919 ప్రాంతంలో రెండు వాదాలు ముఖాముఖి నిలిచాయి. బ్రిటన్‌లో ఎడ్వర్డ్ మెలన్బీ కుక్కపిల్లలను ప్రధానంగా ఓట్స్ వంటి ధాన్యాహారంపై పెంచి వాటిలో రికెట్స్ కలిగించారు. కాడ్ చేప కాలేయపు నూనెతో నయం చేశారు. ఇది ఆహారలోపమని ఆయన నిర్ణయం. అదే సంవత్సరం బెర్లిన్‌లో కుర్ట్ హుల్ట్‌షిన్‌స్కీ పాదరస దీపం నుంచి వెలువడే అతినీలలోహిత కిరణాలతో పిల్లల రికెట్స్‌ను నయం చేశారు. ఒక చేతిపై మాత్రమే కిరణాలు పడినా రెండు చేతుల ఎముకలూ బాగుపడ్డాయి. కిరణాల వల్ల ఏదో పదార్థం పుట్టి రక్తం ద్వారా శరీరమంతా చేరుతోందనడానికి ఇది బలమైన సూచన.

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక వియన్నాలో పోషకాహార లోపం తీవ్రంగా ఉన్న రోజుల్లో హ్యారియెట్ చిక్ బృందం అక్కడి పిల్లల ఆసుపత్రిలో ఈ రెండు పద్ధతులనూ పరీక్షించింది. కాలేయపు నూనె, ఎండ రెండూ వ్యాధిని నయం చేశాయి. వాదులాడుకుంటున్న రెండు పక్షాలూ సరైనవే అయ్యాయి. రెండూ ఒకే పదార్థానికి రెండు దారులని తేలడానికి మరికొన్ని సంవత్సరాలు పట్టింది.

ఈ ఘట్టంలో గమనించవలసిన అంశం ఒకటుంది. 1913లో ఎల్మర్ మెకాలమ్, మార్గరెట్ డేవిస్ కొవ్వులో కరిగే పోషకాన్ని గుర్తించినప్పుడు వారు కొలిచింది ఎలుకల ఎదుగుదల. ఆ కొలమానానికి ఎ, డి విటమిన్లు విడిగా కనిపించవు. 1922లో మెకాలమ్ బృందం కాలేయపు నూనెను వేడిచేస్తూ గాలి పంపి, అందులోని విటమిన్ ఎను నశింపజేసింది. ఆ నూనె కంటివ్యాధిని నయం చేయలేకపోయింది, రికెట్స్‌ను మాత్రం నయం చేసింది. ఎముకను కొలమానంగా తీసుకున్నప్పుడే విటమిన్ డి వేరుగా కనిపించింది.

3. విటమిన్ నుంచి హార్మోన్‌కు

1924లో విస్కాన్సిన్‌లో హ్యారీ స్టీన్‌బాక్, న్యూయార్క్‌లో ఆల్‌ఫ్రెడ్ హెస్ అతినీలలోహిత కిరణాలు సోకిన ఆహారానికి రికెట్స్‌ను నివారించే గుణం వస్తుందని విడివిడిగా చూపారు. స్టెరాల్ పదార్థాలపై కృషికి, విటమిన్లతో వాటి సంబంధాన్ని తెలిపినందుకు 1928లో అడాల్ఫ్ విండాస్‌కు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 1930ల్లో డి2, డి3 నిర్మాణాలు తేలాయి.

తరువాతి మలుపుకు రేడియోధార్మిక అణువులతో గుర్తుపెట్టిన విటమిన్ డి కారణం. శరీరంలోకి పంపిన పదార్థం ఏ అవయవంలో ఏ రూపం దాలుస్తుందో దీనివల్ల వెంబడించగలిగారు. 1968లో హెక్టర్ డెలూకా బృందం 25-హైడ్రాక్సీ రూపాన్ని గుర్తించింది. 1970లో కేంబ్రిడ్జిలో డేవిడ్ ఫ్రేజర్, ఎగాన్ కోడిచెక్ తుది రూపం మూత్రపిండంలో తయారవుతుందని చూపారు. 1971లో దాని నిర్మాణం వెల్లడయింది. ఒక అవయవంలో తయారై మరొక అవయవంపై పనిచేసే పదార్థం హార్మోన్ అవుతుంది. ఈ హార్మోన్‌ను అందుకునే గ్రాహకాన్ని 1969లోనే పేగు కణాలలో గుర్తించారు. మానవ గ్రాహకపు జన్యు సమాచారం 1988లో వెలువడింది.

1970ల నుంచి రక్తంలో 25-హైడ్రాక్సీ రూపాన్ని కొలవడం సాధ్యమయింది. ఈ రూపం రెండుమూడు వారాలు నిలకడగా ఉంటుంది. క్రియాశీల రూపం కొద్ది గంటల్లోనే సగానికి తగ్గిపోతుంది, దాని పరిమాణమూ అత్యల్పం. అందువల్ల కొలవడానికి అనువైన మొదటిదే వైద్యరంగంలో ప్రామాణికమయింది. శరీరంలోని నిల్వను తెలిపే సంఖ్య క్రమంగా శరీరంలో జరుగుతున్న పనికి కూడా ప్రతినిధిగా చెలామణి అయింది. నిల్వకూ వినియోగానికీ మధ్య ఉన్న ఈ తేడా అర్ధశతాబ్దం తరువాత సూక్ష్మజీవుల పరిశోధనలో మళ్ళీ ముందుకు వచ్చింది.

4. సూక్ష్మజీవి: కొలిచేది, కొలవబడేది

పేగు సూక్ష్మజీవుల చరిత్ర వేరొక పాయ. 1885లో థియోడోర్ ఎషెరిక్ శిశువుల మలంలో ఒక బ్యాక్టీరియాను వర్ణించారు. తరువాత అది ఆయన పేరుతోనే ప్రసిద్ధమయింది. సూక్ష్మజీవులు లేకుండా జంతువు బతకలేదని అదే సంవత్సరం లూయీ పాశ్చర్ అభిప్రాయపడ్డారు. పదేళ్ళ తరువాత బెర్లిన్‌లో జార్జ్ నటాల్, హాన్స్ థీర్‌ఫెల్డర్ సూక్ష్మజీవరహిత గినీపందులను కొద్దిరోజులు బతికించి ఆ అభిప్రాయాన్ని సవాలు చేశారు. ఆ ప్రయోగ పద్ధతి 20వ శతాబ్దంలో పరిపక్వమయింది. 1959లో స్వీడన్ శాస్త్రవేత్త బెంట్ గుస్తాఫ్సన్ విటమిన్ కె లేని ఆహారంపై పెరిగిన సూక్ష్మజీవరహిత ఎలుకలలో రక్తస్రావం కలుగుతుందనీ, సాధారణ ఎలుకలకు ఆ ముప్పు లేదనీ చూపారు. ఒక విటమిన్‌ను పేగు జీవులు సమకూరుస్తాయనడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు.

బి విటమిన్ల విషయంలో సూక్ష్మజీవులకు మరో పాత్ర లభించింది. కొన్ని బ్యాక్టీరియా పెరగడానికి ఆ విటమిన్లు అవసరం. కనుక ఒక పదార్థంలో విటమిన్ ఎంత ఉందో తెలుసుకోవడానికి ఆ బ్యాక్టీరియా ఎంత పెరిగిందో చూస్తే సరిపోతుంది. ఫోలిక్ ఆమ్ల పరిశోధన ఈ పద్ధతిపైనే ఆధారపడింది. 1945లో ఆ విటమిన్ కృత్రిమ సంశ్లేషణను ప్రకటించిన లెడర్లీ ప్రయోగశాల పరిశోధనలకు సారథ్యం వహించినవారు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. లాక్టోబాసిల్లస్ కేసీ అనే బ్యాక్టీరియా అక్కడ తూనికరాయిలా ఉపయోగపడింది. 1980లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధకులు ఆరోగ్యవంతులైన దక్షిణ భారతీయుల చిన్నపేగులోని బ్యాక్టీరియా విటమిన్ బి12ను తయారుచేయగలవని ప్రకటించినప్పుడు కూడా ఇటువంటి సూక్ష్మజీవ పరీక్షా సంప్రదాయమే వారికి అండగా నిలిచింది.

విటమిన్ డి ఈ సంప్రదాయానికి వెలుపలే ఉండిపోయింది. బ్యాక్టీరియా పెరుగుదలకు అది అవసరం లేదు. కాబట్టి బ్యాక్టీరియాతో దానిని కొలవడం కుదరదు. దాని కొలత ఎలుకల ఎముక చివర కాల్షియం పేరుకున్న గీతపై ఆధారపడింది. ఫలితంగా బి విటమిన్ల శాస్త్రవేత్తలు సూక్ష్మజీవులతో నిత్యం మెలగగా, విటమిన్ డి శాస్త్రవేత్తలు ఎముక, మూత్రపిండం, పేగు గోడల పరిధిలో ఉండిపోయారు. వారు పరిశీలించిన పేగు గోడకు అవతలి వైపునే కోట్ల సూక్ష్మజీవులున్నా, వాటిని లెక్కలోకి తీసుకునే అవసరం వారికి కలగలేదు.

పేగు బ్యాక్టీరియాలో చాలావాటికి ప్రాణవాయువు విషం. వాటిని ప్రయోగశాలలో పెంచడం కష్టం. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ రైబోజోమ్ ఆర్ఎన్ఏ అక్షరక్రమంతో జీవుల వంశవృక్షాన్ని నిర్ణయించే దారి చూపాక, పెంచకుండానే సూక్ష్మజీవులను గుర్తించడానికి వీలు కలిగింది. 2010లో మెటాహిట్ బృందం 124 మంది ఐరోపావాసుల మల నమూనాల నుంచి 33 లక్షల సూక్ష్మజీవ జన్యువుల పట్టికను ప్రకటించింది. ఇది మానవ జన్యువుల సంఖ్యకు సుమారు 150 రెట్లు. ‘పేగులో ఎవరున్నారు?’ అన్న ప్రశ్నకు తోడు ‘వారు ఏమి చేయగలరు?’ అన్న ప్రశ్న కూడా అడగదగినదయింది.

5. రెండు పాయల కలయిక: లిథోకోలిక్ ఆమ్లం

ఈ రెండు పాయలు కలిసిన చోటు ఎవరూ ఊహించనిది. 2002లో డాలస్‌లోని డేవిడ్ మాంగెల్స్‌డార్ఫ్ ప్రయోగశాలకు చెందిన మకోటో మకిషిమా, సహపరిశోధకులు విటమిన్ డి గ్రాహకానికి లిథోకోలిక్ ఆమ్లం కూడా అతుక్కుంటుందని చూపారు. ఇది ఒక ద్వితీయ పిత్తామ్లం. కాలేయం తయారుచేసే ప్రాథమిక పిత్తామ్లాన్ని పెద్దపేగులోని కొన్ని బ్యాక్టీరియా మార్చడం వల్ల ఏర్పడుతుంది. మోతాదు మించితే కణాలకు హాని చేస్తుంది. గ్రాహకం దీనిని పసిగట్టి, విరిచివేసే ఎంజైమ్‌ను ఉత్పత్తి చేయిస్తుంది. ఎముకల హార్మోన్‌కు ఉద్దేశించినదని భావించిన గ్రాహకం సూక్ష్మజీవులు పంపే రసాయనాన్ని కూడా అందుకుంటున్నదన్నమాట.

ఈ పిత్తామ్లపు మార్పుకు కారణమైన జన్యువుల సమూహాన్ని ‘బాయ్’ జన్యువులంటారు. క్లాస్ట్రిడియం సిండెన్స్ వంటి కొద్ది జాతులలోనే ఇవి కనిపిస్తాయి. 2020లో మైకేల్ ఫిష్‌బాక్ బృందం ఈ జన్యువులను ఆ శక్తిలేని మరో క్లాస్ట్రిడియం జాతిలో ప్రవేశపెట్టి, దానికి పిత్తామ్లాన్ని మార్చే సామర్థ్యం కలిగించింది. ఏ జన్యువులు ఏ పని చేస్తాయో నేరుగా చూపిన ప్రయోగమిది. సూక్ష్మజీవుల సంఖ్య కంటే వాటి జన్యువుల పని ముఖ్యమనే దృష్టికి ఇది బలం చేకూర్చింది.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. విటమిన్ డిని క్రియాశీల రూపంలోకి మార్చగల ఎంజైములు కొన్ని బ్యాక్టీరియాలో ఉన్న మాట నిజమే. స్ట్రెప్టోమైసిస్ గ్రిసియోలస్, సూడోనోకార్డియా ఆటోట్రోఫికా వాటికి ప్రసిద్ధ ఉదాహరణలు. పరిశ్రమ దృష్టి కూడా వీటిపై పడింది. అయితే ఇవి ప్రధానంగా నేలకు చెందిన జీవులు. వీటి ఆధారంగా మానవ పేగు బ్యాక్టీరియా విటమిన్ డిని తయారుచేస్తాయని చెప్పడం తర్కదోషం.

6. మూడు సాక్ష్యాలు, మూడు పరిమితులు

2016లో జర్మనీ పరిశోధకులు 1,812 మంది జన్యువులను, వారి పేగు సూక్ష్మజీవులను కలిపి పరిశీలించారు. సూక్ష్మజీవుల కూర్పుపై ప్రభావం చూపే మానవ జన్యువులలో విటమిన్ డి గ్రాహక జన్యువు ప్రముఖంగా నిలిచింది. ఆ జన్యువును తొలగించిన ఎలుకలలోనూ పేగు బ్యాక్టీరియా మారింది. ఇక్కడ ప్రభావం మనిషి నుంచి సూక్ష్మజీవికి నడిచింది. అయితే గ్రాహకం పిత్తామ్లాలను కూడా అందుకుంటుంది. కనుక గ్రాహక జన్యువుకు దక్కిన ప్రాధాన్యాన్ని మొత్తంగా విటమిన్ డికి ఆపాదించలేము.

2018లో మార్గెరిటా కాంటోర్నా బృందం ఎదురు దిశలో ప్రయోగం చేసింది. సూక్ష్మజీవరహిత ఎలుకలలో 25-హైడ్రాక్సీ, 1,25-డైహైడ్రాక్సీ రూపాలు రెండూ తక్కువగా ఉన్నాయి. ఎఫ్‌జీఎఫ్ 23 అనే హార్మోన్ చాలా ఎక్కువగా ఉంది. ఎముక స్రవించే ఈ హార్మోన్ మూత్రపిండంలో విటమిన్ డి క్రియాశీలం కాకుండా అడ్డుకుంటుంది. ఆ ఎలుకలకు సూక్ష్మజీవులను అందించిన రెండు వారాలకు విటమిన్ డి రూపాలు పెరిగాయి, ఎఫ్‌జీఎఫ్ 23 తగ్గింది. గుస్తాఫ్సన్ ఎలుకల పరంపరకు చెందిన ఈ ప్రయోగం కార్యకారణాన్ని చూపింది. దాని పరిమితి కూడా ఆ పరంపరదే. పుట్టుక నుంచి సూక్ష్మజీవులు లేని స్థితి మనుషుల్లో దాదాపు ఉండదు. సంపూర్ణ శూన్యంలో కనిపించిన తేడా, ఒక సాధారణ పేగుకూ మరో సాధారణ పేగుకూ మధ్య కూడా కనిపిస్తుందని చెప్పలేము.

2020లో అమెరికాలో 567 మంది వృద్ధ పురుషులపై జరిగిన అధ్యయనం పాత కొలమానాన్నే ప్రశ్నించింది. పేగు సూక్ష్మజీవుల వైవిధ్యానికి రక్తంలోని 25-హైడ్రాక్సీ రూపంతో సంబంధం కనిపించలేదు. క్రియాశీల రూపంతో కనిపించింది. ఆ రూపం ఎక్కువగా ఉన్నవారిలో బ్యూటిరేట్ అనే మేలుచేసే ఆమ్లాన్ని తయారుచేసే బ్యాక్టీరియా ఎక్కువగా ఉన్నాయి. వైద్యశాలలు నిత్యం కొలిచే సంఖ్య మీదనే పరిశోధకులు ఆధారపడి ఉంటే ఈ సంబంధం వారి దృష్టికి వచ్చేది కాదు. అయితే ఇది ఒకే కాలబిందువు వద్ద తీసిన లెక్క. ఏది ముందు, ఏది వెనుక అన్నది అది చెప్పదు.

ఈ పరిమితిని తేలికగా తీసుకోరాదు. తక్కువ విటమిన్ డికీ అనేక వ్యాధులకూ సహసంబంధం ఉందని పరిశీలనాత్మక అధ్యయనాలు చాలాకాలం చెబుతూ వచ్చాయి. 25,871 మందిపై యాదృచ్ఛిక పద్ధతిలో జరిగి, 2019లో ప్రచురితమైన వైటల్ అధ్యయనంలో విటమిన్ డి మాత్రలు క్యాన్సర్ సంభవాన్ని గాని, ప్రధాన హృద్రోగ ఘటనలను గాని తగ్గించలేదు. 2024లో అమెరికాకు చెందిన ఎండోక్రైన్ సొసైటీ ఆరోగ్యవంతులైన వయోజనులకు 25-హైడ్రాక్సీ పరీక్షను యథాలాపంగా చేయించవద్దని సూచించింది. సహసంబంధం కారణంగా చలామణి అయిన అనుభవం ఈ రంగానికి కొత్త కాదు.

7. దక్షిణ భారత సందర్భం

ఈ చర్చ తెలుగు నేలకు దూరమైనది కాదు. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనం ఆరోగ్యవంతులైన దక్షిణ భారతీయులలో విటమిన్ డి లోపం విస్తారంగా ఉందని వెల్లడించింది. ఏడాది పొడవునా ఎండ కాసే ప్రాంతంలో ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించింది. ఎండలో పనిచేసే గ్రామీణులలో ఆ విటమిన్ పట్టణవాసుల కంటే మెరుగ్గా ఉంది. వారి ఆహారంలో మాత్రం కాల్షియం తక్కువ, ఫైటేట్ ఎక్కువ. ఫైటేట్ ధాన్యాల పైపొరలో ఉండి కాల్షియాన్ని పట్టి ఉంచే పదార్థం. మెలన్బీ కుక్కపిల్లల రికెట్స్‌లో ఓట్స్ పాత్రను అన్వేషిస్తూ తన తరువాతి పరిశోధనల్లో చేరుకున్నది కూడా ఈ పదార్థం దగ్గరికే. ఎండ, ఆహారం అన్న పాత జంట ప్రశ్న తిరుపతిలో కలిసే కనిపించింది.

ఇప్పుడు మూడవ అంశంగా సూక్ష్మజీవులు వచ్చి చేరాయి. పేగు సూక్ష్మజీవుల కూర్పు ఆహారాన్ని బట్టి, పరిసరాలను బట్టి మారుతుంది. పైన పేర్కొన్న మానవ అధ్యయనాలు జర్మనీ, అమెరికా వాసులపై జరిగాయి. జొన్న, రాగి, వరి అన్నం, పప్పు, పెరుగు తినే జనాభాకు వాటి ఫలితాలను యథాతథంగా వర్తింపజేయడానికి ఆధారం లేదు. లాక్టోబాసిల్లస్ రూటరీ అనే బ్యాక్టీరియా రకాన్ని తొమ్మిది వారాలు తీసుకున్నవారిలో 25-హైడ్రాక్సీ రూపం సుమారు 25 శాతం పెరిగిందని 2013లో ఒక పత్రం వెలువడింది. కొలెస్టరాల్ కోసం చేపట్టిన పరీక్షలో తరువాత జరిపిన విశ్లేషణ అది. పాల్గొన్నవారు కొలెస్టరాల్ అధికంగా ఉన్నవారు. కొలిచింది నిల్వ రూపాన్ని. దాని ఆధారంగా పెరుగు గాని, ప్రోబయోటిక్ గుళికలు గాని విటమిన్ డి లోపానికి మందని ప్రచారం చేయడం శాస్త్రం చెప్పిన దానికి మించి చెప్పడమే అవుతుంది.

8. ముగింపు

ఎలుకల ఎదుగుదలను కొలిచినప్పుడు విటమిన్ డి కనిపించలేదు, ఎముకను కొలిచినప్పుడు కనిపించింది. రేడియోధార్మిక అణువులను వెంబడించినప్పుడు అది హార్మోన్ అని తెలిసింది. నిల్వ రూపాన్ని కొలిచినప్పుడు సూక్ష్మజీవులతో సంబంధం కనిపించలేదు, క్రియాశీల రూపాన్ని కొలిచినప్పుడు కనిపించింది. ప్రతి కొలమానమూ ఒక తలుపు తెరిచింది, మరొకటి మూసి ఉంచింది.

1919లో ఆహారవాదులు, ఎండవాదులు తమ తమ ప్రయోగాలతో నిజమే చెప్పారు. తమదే మొత్తం నిజమనడంలో పొరపడ్డారు. విటమిన్ డి సూక్ష్మజీవులను మారుస్తుందా, సూక్ష్మజీవులు విటమిన్ డిని మారుస్తాయా అన్న నేటి ప్రశ్న కూడా అదే రూపంలో ఉంది. ఎలుకల ప్రయోగాలు రెండు దిశలూ సాధ్యమేనని సూచిస్తున్నాయి. మనుషుల్లో ఏది ఎంత అన్నది తేలాలంటే వియన్నా వైద్యశాలలో జరిగినటువంటి పని కావాలి. రెండు మార్గాలనూ ఒకేచోట, ఒకే రకమైన మనుషులపై, కాలక్రమంలో పరీక్షించాలి. నిల్వ రూపాన్ని, క్రియాశీల రూపాన్ని, ఆహారంలోని కాల్షియం, ఫైటేట్‌లను, సూక్ష్మజీవుల జన్యువులను కలిపి కొలవాలి. తిరుపతి అధ్యయనం వీటిలో కొన్నింటిని ఇదివరకే ఒకచోట చేర్చింది. మిగిలినవి దానికి జతచేయడం తెలుగు ప్రాంతపు విశ్వవిద్యాలయాలకు, వైద్య సంస్థలకు అందుబాటులో ఉన్న పని.